ఆరు చక్రాల కారు ఫ్లాప్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వింత కార్ల మీద ఒక పేజీ వేశారు. పొద్దున్నే టీ తాగుతూ పేజీలు తిప్పుతుంటే ఆరు చక్రాల రేసు కారు బొమ్మ కనపడింది, ప్రాణం లేచొచ్చింది. కింద రాసింది చదివాక అంతా ఉసూరుమంది. చక్రాలు ఎక్కువుంటే పట్టు ఎక్కువుంటుందనుకుని ఆరు పెట్టారు, ఏదో అదృష్టం కొద్దీ ఒక రేసు గెలిచింది, ఆ తర్వాత మూలన పడింది అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పక్కనే నీళ్లలో నడిచే కారు, మూడు చక్రాల కారు, వాటి వరసలో దీన్నీ నవ్వుకోడానికి కూర్చోబెట్టారు. మిగతావాటి గురించి నాకు తెలీదు, వాటిని మీరు ఏమైనా అనుకోండి. పైగా మా మనవడు ఆ పేజీ పట్టుకొచ్చి "తాతా, నీ కారు ఫ్లాపంట కదా, పేపర్లో వేశారు" అని నవ్వాడు. వాడికి ఏళ్ల తరబడి చెప్పిందంతా మీ రెండు ముక్కలు కొట్టిపారేశాయి. అందుకే ఈ ఉత్తరం.

నేను కంచరపాలెం ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి, ముప్ఫై నాలుగేళ్లు లేత్ మీద నిలబడి రిటైరైనవాణ్ణి. రేసు కారు ఎక్కడం సంగతి అలా ఉంచండి, దగ్గర్నుంచి చూసింది కూడా లేదు. కానీ 1977లో వన్‌టౌన్‌లో ఒక పాత కాగితాల కొట్టు ఉండేది, ఓడల మీంచి దిగిన ఇంగ్లీషు పత్రికలు అక్కడ కిలోల లెక్కన పడుండేవి, వాటిలో ఒకదాంట్లో ఈ కారు ఫొటో దొరికింది. మా బ్యాచ్ వాళ్లమంతా ముందు అది ప్రింటింగ్ తప్పనే అనుకున్నాం, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడిందేమోనని. ఆ కాగితం చించి నా టూల్‌బాక్స్ మూత లోపల అంటించుకున్నాను. నూనె మరకలతో నల్లబడి దానంతటది ఊడిపోయేదాకా అక్కడే ఉంది. అప్పట్నుంచీ దాని గురించి ఎక్కడ ఏం దొరికినా చదువుతూనే ఉన్నాను కాబట్టి ఉత్తరం పొడుగైతే ఏమీ అనుకోకండి, కత్తిరించేది ఎలాగూ మీరే.

ఆ కారు పేరు టిరెల్ పి34. కెన్ టిరెల్ అనే ఆయన ఇంగ్లండ్‌లో కలప వ్యాపారి, ఆయన రేసు టీం షెడ్డు కూడా సర్రేలో ఆకమ్ అనే ఊళ్లో ఆ కర్రల అడితిలోనే ఉండేది. కారు గీసింది డెరెక్ గార్డ్‌నర్. 1971లో, 1973లో జాకీ స్టీవర్ట్ ప్రపంచ చాంపియన్ అయింది ఈయన గీసిన కార్లలోనే. ఊసుపోక చక్రాలు బిగించే మనిషి కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక అసలు విషయం. 1970ల మధ్యలో ఫార్ములా వన్ టీముల్లో చాలామందికి ఇంజిన్ ఒక్కటే, ఫోర్డ్ డబ్బు పెడితే కాస్‌వర్త్ వాళ్లు తయారుచేసిన డీఎఫ్‌వీ, మూడు లీటర్లు, ఎనిమిది సిలిండర్లు. డబ్బు కట్టినవాడికల్లా దొరికేది. గేర్‌బాక్స్ కూడా చాలామందికి హ్యూలాండ్ వాళ్లదే. టైర్లు గుడ్‌ఇయర్. అందరి చేతిలో ఒకే రకం పనిముట్లు ఉన్నప్పుడు పక్కవాడికంటే ముందుకు పోవాలంటే ఎక్కడ వెతకాలి? ఫెరారీ వాళ్లకి సొంతంగా పన్నెండు సిలిండర్ల ఇంజిన్ ఉంది, వాళ్లకి బలం అక్కడుంది. గార్డ్‌నర్‌కి ఆ వీల్లేదు కాబట్టి ఆయన గాలి వైపు చూశాడు.

గాలి సంగతి మన విశాఖపట్నం వాళ్లకి ఒకరు చెప్పాలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో రేకులు ఎలా లేచాయో ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎదురుగా వచ్చిన గాలి రేకుని వెనక్కి నెట్టదు, ముందు అంచు పైకి లేపుతుంది, ఆ తర్వాతే ఎత్తుకుపోతుంది. రేసు కారు ముందు చక్రాల దగ్గరా ఇలాంటి తలనొప్పే. పైన మడ్‌గార్డ్ లేకుండా గాల్లో తిరిగే టైరు గాలికి అడ్డం పడటమే కాకుండా కారు మూతిని పైకి లేపాలని చూస్తుంది. లేవకుండా నొక్కిపెట్టాలంటే మూతికి అడ్డంగా ఉండే ముందు రెక్కని ఇంకాస్త ఏటవాలుగా పెట్టాలి, అలా పెడితే మళ్లీ గాలికి ఇంకాస్త అడ్డం. అప్పటి నిబంధన ప్రకారం ఆ ముందు రెక్క వెడల్పు 150 సెంటీమీటర్లు దాటకూడదు. మామూలు టైర్లు దాని వెనక దాక్కోవు, పైకీ పక్కలకీ పొడుచుకొస్తాయి.

అప్పుడు గార్డ్‌నర్ అనుకున్నదేమిటంటే, టైరునే చిన్నది చేసి ఆ 150 సెంటీమీటర్ల మూతి వెనక దాచేస్తే పోతుంది కదా అని. అందరూ ముందు 13 అంగుళాల రిమ్ము వాడుతుంటే ఈయన 10 అంగుళాలకి దించాడు. కానీ అంత చిన్న టైర్లు రెండే ఉంటే రోడ్డుని పట్టుకునే రబ్బరు చాలదు, మలుపు తిరగదు, బ్రేకు కొడితే ఆగదు. పోయిన ఆ రబ్బరుని వెనక్కి తెచ్చుకోడానికి ఇంకో జత పెట్టాడు. ముందు చక్రం చిన్నదయింది, ఆ తర్వాత చక్రాలు ఆరయ్యాయి. మీ పేజీలో ఇది తలకిందులైంది.

10 అంగుళాలంటే ఎంతో తెలియాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, పాత బజాజ్ చేతక్ చక్రం చూడండి, రిమ్ము సరిగ్గా అంతే. చాలా యాక్టివాలకీ వెనక చక్రం అదే సైజు. గంటకి 250 కిలోమీటర్ల పైన పోయే కారుకి ముందు మన స్కూటర్ సైజు చక్రాలు! వెడల్పు మాత్రం స్కూటర్ టైరుకి రెట్టింపు మించి ఉంటుందనుకోండి, గుండు కొట్టినట్టు నున్నగా ఉంటుంది. వెనక రెండూ మాత్రం మిగతా కార్లకుండే పెద్ద టైర్లే.

మా బావ లారీ నడిపేవాడు. స్టీల్‌ప్లాంట్ నుంచి లోడు ఎత్తుకుని రాయపూర్ దాకా పోయేవాడు. ఈ ఫొటో చూపిస్తే నాలాగా ఆశ్చర్యపడతాడనుకున్నాను. ఒక్క నిమిషం చూసి "ముందు నాలుగూ తిరుగుతాయేటి? మా పన్నెండు టైర్ల బండికి తిరగట్లేదేటి, ఇదో వింతా?" అనేశాడు. నిజమే కదా. గాజువాక జంక్షన్‌లో అరగంట నిలబడితే ముందు రెండు యాక్సిళ్లూ తిరిగే లారీలు ఎన్ని కావాలంటే అన్ని పోతాయి. ఆరు టైర్ల లారీ అయితే ఇంకా తమాషా, దానికి ముందు రెండు వెనక నాలుగు, టిరెల్ దానికి తిరగేసి ముందు నాలుగు వెనక రెండు. లారీకి బరువు మోయడానికి పెట్టారు, దీనికి గాలి తప్పించుకోడానికి పెట్టారు, అంతే తేడా.

అయితే లారీలో పర్లేదుగానీ రేసు కారులో ఆ నాలుగూ తిప్పడం చిన్న పని కాదు. స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని తిప్పే పళ్ల కడ్డీ, అదే స్టీరింగ్ ర్యాక్, మొదటి జతకే ఉంది. రెండో జతని బెల్ క్రాంకులనే వంకర లీవర్లతో, రాడ్లతో మొదటి జతకి కలిపారు. రెండు జతలూ ఒకే కోణంలో తిరిగితే ఒకటి ఇంకోదాన్ని ఈడ్చేస్తుంది, కాబట్టి వెనక జత కాస్త తక్కువ తిరగాలి, ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ప్రతి కీలు దగ్గర కొంచెం లూజు వచ్చినా డ్రైవర్ చేతికి తెలిసిపోతుంది. ఎన్ని కీళ్లుంటే అన్ని లూజులు, లేత్ మీద పనిచేసిన ఎవర్నైనా అడగండి. ఇంక బ్రేకులు, నాలుగు చక్రాలకీ నాలుగు డిస్కులు, ముందు వైపే. డిస్కులు ఎక్కువే, కానీ 10 అంగుళాల రిమ్ములో పట్టాలి కాబట్టి అవీ బుల్లివే, బుల్లి డిస్కు తొందరగా వేడెక్కుతుంది.

ఇందులో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఏంటంటే కిటికీలు. డ్రైవర్ కూర్చునే గుంత పక్క గోడకి అటొకటి ఇటొకటి చిన్న కిటికీ పెట్టారు. చక్రాలు అంత కిందుగా ఉంటే లోపల కూర్చున్నవాడికి అవి కనపడవు, ఎటు తిరిగి ఉన్నాయో, రబ్బరు ఎలా అరుగుతోందో తెలీదు. అందుకని కిటికీలోంచి చూసుకోమన్నారు. రేసు కారుకి కిటికీ పెట్టిన మనిషి మీద నాకు ఎప్పటికీ గౌరవం తగ్గదు.

1975 సెప్టెంబర్ 22న లండన్ హీత్రో దగ్గర ఒక హోటల్లో దీన్ని విలేకరులకి చూపించారు. ముసుగు కప్పి పెట్టారు, ఆ ముసుగు కింద ముందు చక్రాల చోట వంపు తిరిగిన కడ్డీలు పెట్టారు, చూసేవాళ్లకి మామూలు పెద్ద టైర్లున్నట్టే అనిపించాలని. ముసుగు లాగేసరికి చాలామంది ఇది వేళాకోళమనుకున్నారు. మీ సబ్ ఎడిటర్ గారు వాళ్లలో కలవాల్సిన పని లేదు, వాళ్లకి అప్పటికి తర్వాత జరిగింది తెలీదు, మనకి తెలుసు.

తర్వాత ఏం జరిగిందంటే, 1976 సీజన్‌లో మొదటి మూడు రేసులూ టిరెల్ వాళ్లు పాత నాలుగు చక్రాల 007తోనే లాగించారు. మే 2న స్పెయిన్‌లో హరామా ట్రాక్ మీద కొత్తది ఒక్కటే దిగింది, ఫ్రెంచి డ్రైవర్ పాట్రిక్ డిపైయే చేతిలో. మొదటి రేసులోనే, ముందు నిలబడే వరస తేల్చే క్వాలిఫయింగ్‌లో మూడో స్థానం. రేసు పూర్తి చెయ్యలేదు, అది వేరే సంగతి. రెండు వారాల తర్వాత బెల్జియంలో టీంలో ఇంకో డ్రైవర్ జోడీ షెక్టర్‌కి కూడా ఒకటి ఇచ్చారు, నాలుగోవాడిగా వచ్చాడు. ఇంకో రెండు వారాలకి మొనాకో. అక్కడి రోడ్లు మీకు తెలిసే ఉంటాయి, ఊరి మధ్య సందులు, మన పాత డాబాగార్డెన్స్ సందుల్లో రేసు పెట్టినట్టు. షెక్టర్‌ది రెండో స్థానం, డిపైయేది మూడో స్థానం.

జూన్ 13న స్వీడన్. అండర్‌స్టార్ప్ అనే చిన్న ఊరు, పల్లెటూరి మధ్య ట్రాక్, విమానాల రన్‌వేనే తిన్నటి రోడ్డుగా వాడుకుంటారు. పెద్ద పెద్ద పొడుగాటి మలుపులు, ఒకే వంపులో చాలాసేపు తిరుగుతూ ఉండాలి, ముందు చక్రాల పట్టు గట్టిగా ఉన్నవాడిది రాజ్యం. పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందు నిలబడే చోటు, షెక్టర్‌ది. రేసు మొదలవగానే లోటస్‌లో మారియో ఆండ్రెట్టి ముందుకు దూసుకుపోయాడు, కానీ సిగ్నల్ ఇవ్వకముందే కదిలాడని అతనికి ఒక నిమిషం జరిమానా వేశారు. సగం దాటాక అతని ఇంజిన్ కూడా పోయింది. షెక్టర్ ఒకటి, డిపైయే రెండు. ఫెరారీలో నికీ లాడా మూడు. అదృష్టం అని మీరు రాసింది ఆండ్రెట్టి ఇంజిన్ గురించేనేమో! అదృష్టమైతే ఒక కారుకి కలిసిరావాలిగానీ రెండు కార్లూ వరసగా ఒకటి, రెండు రావడానికి, ముందురోజు అందరికంటే వేగంగా తిరగడానికి కూడా అదృష్టమే అంటే నేనేం చెప్పను.

ఆరు చక్రాల కారు గెలిచిన గ్రాండ్ ప్రి, అంటే ఫార్ములా వన్ రేసు, అదొక్కటే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత లెక్క చూడండి. ఫ్రాన్స్‌లో డిపైయే రెండు. బ్రిటన్‌లో, జర్మనీలో షెక్టర్ రెండు. కెనడాలో డిపైయే రెండు. అమెరికాలో షెక్టర్ రెండు. చివరికి అక్టోబర్ 24న జపాన్‌లో ఫుజి కొండ కింద కుండపోత వానలో, జేమ్స్ హంట్ మూడోవాడిగా వచ్చి ఒక్క పాయింటు తేడాతో లాడా మీద చాంపియన్‌షిప్ కొట్టుకుపోయిన ఆ రేసులో కూడా, హంట్ కంటే ముందు రెండో స్థానంలో వచ్చింది ఈ ఆరు చక్రాల కారే. సీజన్‌లో మొత్తం 13 రేసులాడితే ఒక గెలుపు, ఎనిమిది రెండో స్థానాలు, ఒక మూడో స్థానం. టీముల పట్టికలో ఫెరారీకి 83, మెక్‌లారెన్‌కి 74, టిరెల్‌కి 71 పాయింట్లు. న్యాయంగా చెప్పాలంటే ఆ 71లో 13 పాత 007 తెచ్చినవి, మిగతా 58 దీనివి. డ్రైవర్లలో షెక్టర్ మూడు, డిపైయే నాలుగు. మన పిల్లలెవరైనా ఇంటర్‌లో స్టేట్ థర్డ్ వస్తే మీరే ఫొటో వేసి బాక్సు కట్టి రాస్తారు కదండీ, దీన్ని ఫ్లాప్ అనడానికి మనసెలా ఒప్పింది?

ఇక్కడ ఒక మాట. షెక్టర్‌కి ఈ కారంటే అస్సలు పడేది కాదు. దీంతో గెలిచినవాడే దీన్ని తిట్టాడు. అతని గోడు కూడా అబద్ధం కాదు. నున్నటి రోడ్డు మీద తిన్నగా పోతూ బ్రేకు కొడితే అద్భుతంగా ఆగేది, గతుకుల్లో మాత్రం నాలుగింట్లో ఒక చక్రం పైకి లేచి బిగుసుకుపోయేది, దాంతో డ్రైవర్ కాలు తియ్యక తప్పదు, నాలుగు బ్రేకులుండీ లాభం ఏముంది. అతను ఆ ఏడాది చివర్లో ఊల్ఫ్ అనే కొత్త టీంకి వెళ్లిపోయి, 1977లో దాని మొట్టమొదటి రేసే గెలిచాడు, ఇంకో రెండేళ్లకి ఫెరారీలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. డిపైయే మాత్రం దీన్ని ప్రాణంగా చూసుకున్నాడు. ఒకే బండి ఇద్దరికి రెండు రకాలుగా ఉండటం డ్రైవర్లున్న ఇంట్లో ఎవరికైనా తెలిసిందే, మా బావ నడిపిన బండిని ఇంకొకడు ముట్టుకుంటే రోజంతా సణుగుతూనే ఉండేవాడు.

1977కి షెక్టర్ బదులు రోనీ పీటర్సన్ వచ్చాడు. ఆ రోజుల్లో అతనంత వేగంగా నడిపేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కారుకి ఒంటినిండా కొత్త తొడుగు వేశారు, బరువు పెరిగింది. మీరు వేసిన ఫొటో ఈ కారుదే, నీలం తెలుపు రంగుల్లో ఫస్ట్ నేషనల్ సిటీ అనే పేరు రాసి ఉంది చూడండి, అది 1977ది, కింద మాత్రం స్వీడన్ గెలుపు గురించి రాశారు. ఆ రోజు గెలిచినదాని ఒంటి మీద ఆ పేరు లేదు. సరే, అది చిన్న తప్పు.

ఆ ఏడాది ఏమీ కలిసిరాలేదు. కారణం టైర్లు. గుడ్‌ఇయర్ వాళ్లు మిగతా టీముల్లో దాదాపు అందరికీ 13 అంగుళాల ముందు టైర్లు ఇస్తున్నారు, ఎక్కడో ఒకచోట ఏదో ఒక టీంతో వాటిని పరీక్షిస్తూనే ఉంటారు, నెలనెలా రబ్బరు మెరుగవుతుంది, అందరికీ పంచుతారు. 10 అంగుళాల టైరు కావాల్సింది ప్రపంచం మొత్తం మీద ఒక్క టిరెల్‌కి. దానికోసం విడిగా అచ్చులు, విడిగా రబ్బరు, విడిగా పరీక్షలు ఎవరు పెట్టుకుంటారు? వెనక టైర్లు మిగతావాళ్లవే కాబట్టి అవి మెరుగవుతూ పోయాయి, ముందువి ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వెనక పట్టు పెరిగి ముందు పట్టు పెరక్కపోతే ఏమవుతుంది, స్టీరింగ్ తిప్పినా కారు మలుపు తిరగకుండా మొండిగా తిన్నగా పోతుంది. అది తగ్గించడానికి ముందు చక్రాల మధ్య దూరం పెంచారు. పెంచితే ఏమైంది? చక్రాలు ఆ మూతి వెనక నుంచి మళ్లీ బయటికొచ్చేశాయి. ఏ గాలి తప్పించుకోడానికి ఇంత కథ నడిపారో ఆ గాలికే ఎదురుపెట్టినట్టయింది. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

దీనికి నేను ఇంతగా బాధపడటానికి నా కారణం నాకుంది. నేను పనిచేసిన చోట, పేరెందుకులెండి, బరువైన షాఫ్టులు మోయడానికి ఒక ట్రాలీ చేసుకున్నాం. క్రేన్ కింద గొలుసు వెయ్యడానికి ఎత్తు తక్కువ ఉండాలని చిన్న రబ్బరు చక్రాలు ఆరు వేయించాం, నేనే బుష్షులు తిప్పాను. రెండేళ్లు బంగారంలా నడిచింది. చక్రాలు పోసిచ్చే చిన్న యూనిట్ ఉండేది, ఒకరోజు అతను "వందకి తక్కువైతే అచ్చు ఎక్కించడం నావల్ల కాదు గురూ" అన్నాడు. మాకు కావాల్సింది ఏడాదికి పన్నెండు. దాంతో పాత చక్రాలకే ముక్కలు అతికించి నడిపారు, ట్రాలీ ఒక పక్కకి లాగడం మొదలెట్టింది, కొత్తగా వచ్చిన ఆఫీసరు చూసి ఇదెవరి తెలివిరా అని నవ్వి పక్కన పడేయించాడు. ఎవరికీ చక్రాల సంగతి గుర్తులేదు, ఆరు చక్రాలు పెట్టిన మా పిచ్చే గుర్తుంది. మీ పేజీ చదువుతుంటే ఆ ఆఫీసరే గుర్తొచ్చాడు, కోపం తెచ్చుకోకండి.

1977 మొత్తానికి టిరెల్‌కి 27 పాయింట్లు. పీటర్సన్‌కి బెల్జియంలో ఒక మూడో స్థానం దక్కింది, డిపైయే కెనడాలో రెండోవాడిగా వచ్చాడు, దక్షిణాఫ్రికాలో, జపాన్‌లో మూడు. ఆ జపాన్ రేసే దీనికి ఆఖరిది. అందులోనే జిల్ విల్నెవ్ ఫెరారీ వచ్చి పీటర్సన్ కారు వెనక తగిలి గాల్లోకి లేచి, నిలబడకూడని చోట నిలబడ్డ జనం మీద పడింది, ఇద్దరు చచ్చిపోయారు. గార్డ్‌నర్ టీం వదిలేశాడు. తర్వాతి ఏడాది ఇంకొకరు గీసిన నాలుగు చక్రాల 008తో డిపైయే మొనాకో గెలిచాడు. పీటర్సన్ అదే ఏడాది మాంజాలో ప్రమాదం తర్వాత, డిపైయే 1980లో హాకెన్‌హైమ్‌లో టెస్టింగ్ చేస్తూ పోయారు. ఆ రోజుల్లో ఆ ఆట అలాగే ఉండేది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇది పిచ్చి ఆలోచనే అయితే మిగతావాళ్లు నవ్వి ఊరుకోవాలి కదా? మార్చ్ అనే టీం వాళ్లు 1976 చివర్లోనే వెనక నాలుగు, ముందు రెండు పెట్టి ఒకటి చేశారు. ఫెరారీ వాళ్లు 1977లో, మన ఆరు టైర్ల లారీలాగే, వెనక యాక్సిల్‌కి జంట టైర్లు వేసి పరీక్షించారు. 1982లో విలియమ్స్ వాళ్లు వెనక రెండు యాక్సిళ్లూ ఇంజిన్‌తో తిరిగే ఆరు చక్రాల కారు తయారుచేసి టెస్టింగ్‌లో తిప్పారు. వీటిలో ఒక్కటీ గ్రాండ్ ప్రిలో పరుగెత్తలేదు, 1983 నుంచి నాలుగు చక్రాలకి మించి ఉండకూడదని నిబంధనే పెట్టేశారు. పనికిరానిదాన్ని నిషేధించాల్సిన అవసరం ఎవరికుంటుంది చెప్పండి.

పాత కార్ల పోటీలు అని విదేశాల్లో విడిగా నడుస్తాయి. అక్కడ ఆడటానికి ఈ పి34 ఒకటి బయటికి తీస్తే మళ్లీ అదే చిక్కొచ్చింది, ఆ సైజు టైరు లేదు. ఈసారి ఏవన్ కంపెనీ ఆ 10 అంగుళాల టైర్లు కొత్తగా చేసిచ్చింది. 2000లో మార్టిన్ స్ట్రెటన్ దాంతోనే పాత గ్రాండ్ ప్రి కార్ల సిరీస్ టైటిల్ గెలిచాడు. అవే కొలతలు, అదే స్టీరింగ్, అవే కిటికీలు. ఈసారి టైరు సమకూరింది, బండి పరుగెత్తింది. నా ట్రాలీకి కూడా ఎవరైనా పన్నెండు చక్రాలు పోసిచ్చుంటే, ఏమోలెండి.

వచ్చే ఆదివారం సవరణ వేస్తారని ఆశపడుతున్నాను. రెండు వాక్యాలు చాలు, చక్రం చిన్నది చెయ్యడానికి ఆరు పెట్టారు, 1976లో టీముల్లో మూడో స్థానం అని. వీలైతే 1976 నాటి కారుది, పక్క నుంచి తీసిన, ఆ కిటికీ కనపడే ఫొటో వేయండి. దాని పక్కన ఒక చేతక్ చక్రం బొమ్మ కూడా వేస్తే పిల్లలకి సైజు తెలుస్తుంది. మీ ఆఫీసులో చేతక్ ఎవరికీ లేకపోతే ఫొటోగ్రాఫర్ని మా ఇంటికి పంపండి, నాది ఇంకా మెట్ల కిందే ఉంది, ముందు చక్రంలో గాలి మాత్రం ఉండదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం